క్లాసులో ఎంతమంది? మేము బడి వెతికిన ఐదు నెలలు

మా అమ్మాయి లెక్కల నోట్‌బుక్కుతో మొదలైంది ఇదంతా. అప్పుడది రెండో తరగతి. ఒక ఆదివారం చిరిగిన అట్టలు మారుద్దామని బ్యాగులోంచి పుస్తకాలన్నీ బయటికి తీశాను. తీసివేతల పేజీ తెరుచుకుంది. 52లోంచి 27 పోతే 35 అని వేసింది. పక్కనే ఎర్ర సిరాతో రైటు. దాని కింద 81లోంచి 46 పోతే 45. దానికీ రైటే. పై అంకె ఏది, కింది అంకె ఏది అని చూడకుండా పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి కూర్చుంటోంది పిల్ల. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలన్న సంగతే దాని బుర్రకెక్కలేదు. పేజీలు తిప్పాను. పదకొండు పేజీల నిండా అదే తప్పు, పదకొండు పేజీల నిండా ఎర్ర రైట్లు, ప్రతి పేజీ అడుగున పొట్టి సంతకం.

కోపం వచ్చిన మాట నిజం. మర్నాడే బడికి వెళ్లాను. టీచర్ స్టాఫ్ రూములో నోట్‌బుక్కుల గుట్ట వెనక కూర్చుని ఉంది. ఆవిడ నుదురు మాత్రమే కనబడుతోంది. నేనింకా నోరు తెరవకముందే, "మీ పాప సెక్షన్‌లో 46 మందండీ. నావి మూడు సెక్షన్లు" అంది. ఇంటికొచ్చి లెక్క కట్టాను. ఒక్కో పుస్తకాన్ని సరిగ్గా చూడాలంటే రెండు నిమిషాలైనా పడుతుంది. 46 పుస్తకాలకి గంటన్నర. మూడు సెక్షన్లకి నాలుగున్నర గంటల పైనే. అదీ ఒక్కరోజు లెక్కల హోంవర్కుకి! ఆవిడ కుర్చీలో నేనున్నా కళ్లు మూసుకుని రైట్లు కొట్టేదాన్నేమో. ఆవిడ మీద వచ్చిన కోపం కాస్తా 46 అనే అంకె మీదికి మళ్లింది.

అల్లరి చేసే పిల్లలు టీచర్ కంట్లో పడతారు. ఫస్టు వచ్చే పిల్లలూ పడతారు. మాది ఈ రెండూ కాదు. అడిగితే చెబుతుంది, అడగకపోతే సాయంత్రం దాకా నోరు విప్పకుండా కూర్చోగలదు. ప్రోగ్రెస్ కార్డులో ప్రతిసారీ "మంచి అమ్మాయి" అని రాసేవాళ్లు. ఆ మాట చూసి రెండేళ్లు మురిసిపోయాం కూడా. నోట్‌బుక్కు చూశాక ఆ మాటకి అర్థం వేరేగా వినబడింది. ఆ పిల్ల గురించి వాళ్లకి రాయడానికి ఇంకేమీ లేదు, అంతే.

ఆ రాత్రి నేనూ మా ఆయనా కూర్చుని ఒక కాగితం మీద రెండే రెండు విషయాలు రాసుకున్నాం. క్లాసులో 20 మంది దాటకూడదు. ఏడాది మొత్తం ఖర్చు, అంటే ఫీజు, పుస్తకాలు, రాకపోకలు అన్నీ కలిపి, మా ఇద్దరి సంపాదనలో ఎనిమిదో వంతు దాటకూడదు. "ఇవి రెండూ ఒకే బడిలో దొరుకుతాయంటావా?" అన్నారాయన. దొరుకుతాయనే అన్నాను. అప్పటికి ఇంకా ఒక్క బడికీ ఫోన్ చెయ్యలేదు కాబట్టి ధైర్యంగానే అన్నాను.

ఫోన్లు మొదలుపెట్టాక నేను మొదట నేర్చుకున్న పాఠం "రేషియో". ఏ బడికి ఫోన్ చేసి "క్లాసులో ఎంతమంది ఉంటారండీ?" అని అడిగినా, అవతలి అమ్మాయి "మా దగ్గర 15 మందికి ఒక టీచరండీ" అనేది. నేను సంబరపడి లిస్టులో టిక్కు పెట్టుకునేదాన్ని. అలా టిక్కు పెట్టిన ఒక బడికి వెళ్లి, ఆఫీసు నుంచి మెట్లెక్కుతూ మూడో తరగతి కిటికీలోంచి తొంగిచూస్తే బెంచీకి ముగ్గురు చొప్పున పన్నెండు బెంచీలు, వెనక ఇద్దరు కుర్చీల్లో. 38 మంది!

అబద్ధం చెప్పారా అంటే, చెప్పలేదు. ఆ బడిలో 600 మంది పిల్లలు, 40 మంది టీచర్లు. భాగిస్తే 15 వస్తుంది. కానీ ఆ 40 మందిలో ఆటల మాస్టారు, సంగీతం టీచర్, కంప్యూటర్ టీచర్, లైబ్రరీ చూసేవాళ్లు, చివరికి ప్రిన్సిపాల్ కూడా ఉన్నారు. పైగా ఏ పీరియడ్‌లోనైనా కొందరు ఖాళీగా ఉంటారు, ఉండాలి కూడా. క్లాసు గదులు మాత్రం 16. 600ని 16తో భాగిస్తే గదికి 37, 38. మా పిల్ల కూర్చోబోయేది గదిలో గానీ రేషియోలో కాదు కదా. ఆ రోజు నుంచి ప్రశ్న మార్చేశాను. "మూడో తరగతికి సెక్షన్లు ఎన్ని? ఇవాళ ఒక్కో సెక్షన్ హాజరు పట్టీలో ఎన్ని పేర్లున్నాయి?" ఈ ప్రశ్నకి ఫోన్ ఎత్తినవాళ్లలో సగం మంది "మీరొకసారి వచ్చి మాట్లాడండి మేడమ్" అనేవాళ్లు. తడుముకోకుండా అంకె చెప్పినవాళ్లని గుర్తుపెట్టుకున్నాను. చివరికి మా అమ్మాయి చేరింది వాళ్లలో ఒకళ్ల దగ్గరే.

రెండో పాఠం మా అన్నయ్య చెప్పాడు. వాడు ఒక చిన్న సంస్థకి లెక్కలు రాస్తాడు. ఏ విషయమైనా జమాఖర్చుల్లోనే ఆలోచిస్తాడు. ఒకసారి ఫోన్లో నా గోడంతా విని, "టీచర్ జీతం ఎవరిస్తారు?" అన్నాడు.

"బడివాళ్లు."

"కాదే, క్లాసులో పిల్లలు ఇస్తారు. 40 మంది ఉంటే ఒక్కోరు నలభయ్యో వంతు. 16 మందే ఉంటే పదహారో వంతు. అంటే రెండున్నర రెట్లు. నీకేమో పిల్లలు తక్కువ ఉండాలి, ఫీజూ తక్కువ ఉండాలి. అలా నడుపుతున్నారంటే ఎక్కడో మిగిలిస్తున్నారన్నమాట. ఎక్కడ మిగిలిస్తున్నారో కనుక్కో. బిల్డింగు మీద మిగిలిస్తే పరవాలేదు. టీచర్ మీద మిగిలిస్తే పారిపో."

ఆ తర్వాత ఏ బడి గేటు దాటినా నా తలలో తిరిగింది ఈ మాటే. మొదట్లో చూసిన ఒక బడిలో క్లాసుకి 18 మంది. గదులు అద్దాల్లా ఉన్నాయి, ఈత కొలను, గుర్రపు స్వారీ. ఫీజు కాగితం చూసి మా ఆయన దాన్ని మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నారు. వాళ్లు ఎక్కడా మిగిలించడం లేదు, మేమే మిగలం. ఇంకోచోట ఫీజు బాగానే ఉంది గానీ క్లాసులో 34 మంది. "ఒక టీచరుకి తోడుగా ఇంకో అసిస్టెంట్ ఉంటుంది మేడమ్, ఇద్దరు చూసుకుంటారు, 17 మందికి ఒకరు ఉన్నట్టే కదా" అన్నారు. అది వినడానికి బాగానే అనిపించింది. దానిమీద నాలుగు రోజులు ఊగిసలాడాను.

ఆ ఊగిసలాటలోనే రాత్రిళ్లు పిల్ల పడుకున్నాక కూర్చుని చదవడం మొదలుపెట్టాను. అసలు క్లాసు చిన్నదైతే నిజంగా చదువు బాగుపడుతుందా, లేక మనలాంటి తల్లిదండ్రుల భ్రమా అని. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 1985లో మొదలుపెట్టి నాలుగేళ్లు దీన్నే పరీక్షించారు. 79 బడులు, పదకొండు వేల పైచిలుకు పిల్లలు. పిల్లల్నీ టీచర్లనీ చీటీలు తీసినట్టు మూడు రకాల క్లాసుల్లోకి పంచారు. 13 నుంచి 17 మంది ఉన్న చిన్న క్లాసు, 22 నుంచి 25 మంది ఉన్న మామూలు క్లాసు, అంతేమంది ఉండి టీచరుకి తోడు ఒక సహాయకురాలు ఉన్న క్లాసు. చిన్న క్లాసుల పిల్లలు చదవడంలోనూ లెక్కల్లోనూ ముందున్నారు. పేదింటి పిల్లలకి లాభం ఇంకా ఎక్కువ కనబడింది. సహాయకురాలు ఉన్న క్లాసులకీ మామూలు క్లాసులకీ మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 34 మంది బడిని లిస్టులోంచి కొట్టేశాను. (వాళ్లు "మామూలు" అన్న 25 మంది క్లాసు చూసి నవ్వొచ్చింది. మా 46 మందిని చూస్తే ఏమనేవాళ్లో!)

అక్కడితో ఆగిపోయి ఉంటే హాయిగా ఉండేది. ఇంకాస్త చదివితే క్యాలిఫోర్నియా సంగతి ఎదురైంది. టెనెసీ ఫలితాలు చూసి వాళ్లు 1996లో రాష్ట్రమంతా మూడో తరగతి దాకా క్లాసుల్ని 20 మందికి తగ్గించడానికి పూనుకున్నారు. ఒక్కసారిగా అన్ని క్లాసులంటే అంతమంది టీచర్లు ఎక్కడినుంచి వస్తారు? పూర్తి అర్హతలు లేనివాళ్లని కూడా పెట్టుకోవలసి వచ్చింది. అన్నయ్య మాటే ఇక్కడ ఒక రాష్ట్రం సైజులో కనబడింది నాకు. చిన్న క్లాసు పెట్టి, అందులో నిలబడేవాళ్ల విషయంలో రాజీపడితే చివరికి పిల్లకి మిగిలేదెంత?

ఇది చదివిన వారానికే నేను అదే తప్పు చేశాను. మనిషికి చదివింది వేరు, చేసేది వేరు.

మా ఇంటికి దగ్గర్లోనే ఒక చిన్న బడి. మూడో తరగతిలో 11 మంది. ఫీజు మేమనుకున్న దానికన్నా తక్కువే. మేనేజర్ ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. "సీట్లు రెండే ఉన్నాయమ్మా" అనగానే నాకు టెన్షన్ వచ్చేసి, ఇంటికి కూడా ఫోన్ చెయ్యకుండా రిజిస్ట్రేషన్ డబ్బు కట్టేశాను. 11 మంది క్లాసులో రెండు సీట్లే ఎందుకున్నాయని అడగాలని ఆ క్షణాన తట్టలేదు.

మూడు రోజుల తర్వాత సర్టిఫికెట్లు ఇవ్వడానికి వెళ్లి వరండాలో కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద మూడో తరగతి టైమ్‌టేబుల్. ఊరికే చూస్తూ కూర్చుంటే ఒకటి కనబడింది. క్లాస్ టీచర్ పేరు రాసిన చోట కాగితం ముక్క అంటించి ఉంది. దాని అంచు లేచి, కింద ఇంకో ముక్క కనబడుతోంది. దాని కింద అసలు అచ్చువేసిన పేరు. లెక్కల గడిలో కూడా అలాంటిదే ఒక అతుకు. పిల్ల కోసం వచ్చి నిలబడ్డ ఒకావిడని మెల్లగా కదిపాను. "ఈ ఏడాది మూడో టీచరండీ. వచ్చినావిడ వచ్చినట్టే వెళ్లిపోతోంది. జీతాలు సరిగ్గా ఇవ్వరట. పోయినేడు ఈ క్లాసులో పాతిక మంది ఉండేవాళ్లు" అంది. అప్పుడర్థమైంది. అది చిన్న క్లాసుగా పెట్టిన క్లాసు కాదు, చిక్కిపోయిన క్లాసు.

డబ్బు తిరిగి అడిగితే మేనేజర్ ఆప్యాయత తగ్గకుండానే రసీదు వెనక్కి తిప్పి చూపించాడు. సన్నటి అక్షరాల్లో "తిరిగి చెల్లించబడదు". సంతకం నాదే. మా ఆయన ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది. నాలుగు నెలల తర్వాత అదే బడిలో మూడు, నాలుగు తరగతుల్ని ఒకే గదిలో కలిపేశారని విన్నాను.

అప్పటి నుంచి ఎక్కడికెళ్లినా "క్లాసు ఎందుకు చిన్నది?" అన్న ప్రశ్న మొదట అడిగేదాన్ని. కొత్త బడి కాబట్టి ఇంకా నిండలేదంటే వచ్చే ఏడు నిండుతుంది, అప్పుడు 16 కాస్తా 35 అవుతుంది. పిల్లలు వెళ్లిపోతున్నందుకు చిన్నదైతే అది పైన చెప్పిన కథ. ఇంతకు మించి చేర్చుకోమని ముందే గీత గీసుకున్నవాళ్లు మూడో రకం, అరుదైన రకం. ఏ రకమో తెలుసుకోవడానికి గత మూడేళ్ల సంఖ్యలు అడిగితే చాలు. పదమూడు, పదిహేను, పదహారు అని చెప్పినవాళ్లు ఒకరు. ఇరవై ఎనిమిది, పంతొమ్మిది, పన్నెండు అని నసిగినవాళ్లు ఇంకొకరు.

ఫీజుల విషయంలో కూడా ఒళ్లు దగ్గరపెట్టుకోవడం వచ్చింది. ఫోన్లో చెప్పేది ట్యూషన్ ఫీజు మాత్రమే. ప్రవేశ రుసుం, వార్షిక రుసుం, పరీక్షలు, పుస్తకాలు, యూనిఫారం, బస్సు, విహారయాత్ర, ఆలస్యంగా తీసుకెళ్తే దానికో రుసుం, ఇవన్నీ తర్వాత ఒక్కొక్కటే వస్తాయి. నేనొక నోట్‌బుక్కులో బడికో పేజీ పెట్టి అన్నీ రాశాను. రెండు బడుల్లో అయితే చెప్పిన ఫీజుకి పైన మూడో వంతు తేలింది. గత మూడేళ్లలో ఫీజు ఎంతెంత పెంచారో కూడా అడిగి రాసుకున్నాను, ఎందుకంటే మనం కట్టేది ఒక్క ఏడాది కాదు. ఒక బడి వాళ్లు ఏడాది మొత్తం ఒకేసారి కడితే పదో వంతు తగ్గిస్తామన్నారు. నేను ఆశపడ్డాను. అన్నయ్య మాత్రం, "చిన్న బడికి ముందే మొత్తం కట్టకు. మధ్యలో మూతపడితే ఎవర్ని అడుగుతావు? ఆ పదో వంతు పోతే పోయింది" అన్నాడు. రసీదు వెనక అక్షరాలు గుర్తొచ్చి నోరుమూసుకున్నాను.

మా లిస్టులో చివర మిగిలింది మూడు. అందులో ఒకటి దూరం వల్ల పోయింది. రెండోదాంట్లో క్లాసులో కూర్చుని చూస్తానంటే కుదరదన్నారు. పిల్లల ఏకాగ్రత చెడుతుందనేది వాళ్ల కారణం. అది తప్పని అనను గానీ, గుమ్మంలోంచి ఐదు నిమిషాలు చూడటానికి కూడా ఒప్పుకోలేదు. మూడోది, ఫోన్లో తడుముకోకుండా "16 మందండీ, పోయినేడు 15" అని చెప్పిన బడి.

బయటి నుంచి చూస్తే దాన్ని బడి అనుకోరు. పాత మేడ, కింద నాలుగు గదులు, పైన నాలుగు. ముందు ఆటస్థలం అంటే ఆటస్థలమే గానీ, గట్టిగా బంతి విసిరితే గోడ అవతల పడుతుంది. బోర్డు మీద రంగు వెలిసింది. మా ఆయన మొహం చూశాను, ఆయన నా మొహం చూశారు. ప్రిన్సిపాల్ యాభై దాటినావిడ, చేతికి సుద్దముక్క పొడి. అప్పుడే ఐదో తరగతిలోంచి వచ్చింది. "క్లాసు చూస్తారా? చూడండి. వెనక కూర్చోండి, ఫోన్ బయటికి తియ్యకండి" అని మూడో తరగతిలోకి పంపింది.

ఆ అరగంట ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. గడియారం పాఠం. పిల్లలు అర్ధచంద్రాకారంలో కూర్చున్నారు, వెనక బెంచీ అనేదే లేదు. టీచర్ అట్టముక్కతో చేసిన గడియారం పట్టుకుని గంటల ముల్లు 3కీ 4కీ సరిగ్గా మధ్యలో పెట్టింది. నిమిషాల ముల్లు పీకేసింది. "ఇప్పుడు పెద్ద ముల్లు ఎక్కడుండాలి?" అని ఒక బాబు వైపు చూసింది. వాడు లేచి నిలబడ్డాడు. మాట్లాడలేదు. చుట్టూ నాలుగైదు చేతులు లేచాయి, "టీచర్ నేను, టీచర్ నేను" అని. ఆవిడ అటు చూడకుండానే అరచెయ్యి కిందికి ఊపింది. చేతులు దిగాయి. వాడింకా మాట్లాడలేదు. నేను మనసులో లెక్కపెడుతున్నాను. ఐదు, ఆరు, ఏడు. నాకే ఊపిరాడలేదు, ఆవిడకి మాత్రం ఏ తొందరా లేదు. వాడు మెల్లగా, "6 దగ్గర" అన్నాడు. ఎవరైనా అయితే "వెరీ గుడ్, కూర్చో" అంటారు. ఈవిడ "ఎందుకు?" అంది. మళ్లీ ఆగింది. "చిన్న ముల్లు సగం దూరమే నడిచింది. అందుకని పెద్దది కూడా సగం చుట్టే తిరిగుంటది" అన్నాడు వాడు, చేత్తో గాల్లో సగం చుట్టు గీస్తూ.

ఈ ఆగడం గురించి కూడా తర్వాత చదివాను. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల నాటికే క్లాసుల్లో టేపురికార్డర్లతో దీన్ని కొలిచింది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను ఆగి, జవాబు రాకపోతే వేరేవాళ్లని అడగడమో, తామే చెప్పేయడమో చేస్తున్నారు. ఆ ఒక్క సెకనునీ మూడు సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు. 46 మంది క్లాసులో ఏడు సెకన్లు ఆగితే క్లాసు చేపల బజారైపోతుంది. 16 మందిలో ఆగొచ్చు. ఆగొచ్చు అంటున్నాను గానీ అందరూ ఆగరు. ఇంకో బడిలో 14 మందిని పెట్టుకుని కూడా బోర్డు మీద రాసింది చూసి రాసుకోమన్న టీచర్ని చూశాను. 14 మందైనా, 40 మందైనా ఆవిడకి పెద్ద తేడా లేదు.

బయటికి వచ్చాక, ఏవైనా మూడు లెక్కల నోట్‌బుక్కులు చూపిస్తారా అని అడిగాను. ప్రిన్సిపాల్ నవ్వి, అలమరలోంచి చేతికందినవి తీసిచ్చింది. ఒకదాంట్లో తప్పు లెక్క పక్కన ఇంటూ లేదు. పెన్సిల్‌తో చిన్నగా "ఇది ఎలా చేశావో రేపు నాకు చెప్పు" అని ఉంది. కింద మర్నాటి తేదీతో అదే లెక్క మళ్లీ, ఈసారి సరిగ్గా. నేను ఆ పేజీ మీద కొంచెం ఎక్కువసేపే ఆగిపోయినట్టున్నాను. "ఏమ్మా, ఏమైనా తప్పుందా?" అంది ఆవిడ.

ఇక అన్నయ్య ప్రశ్న. కాస్త మొహమాటపడుతూనే అడిగాను, "మేడమ్, ఈ ఫీజుతో ఈ సంఖ్యతో ఎలా నడుపుతున్నారు?" ఆవిడ ఏమీ అనుకోలేదు. మేడ చుట్టాలది, అద్దె తక్కువ. బస్సులు లేవు. ప్రకటనలు లేవు. ఆఫీసులో ఒక్కడే గుమస్తా. ఆవిడ కూడా రోజుకి మూడు పీరియడ్లు పాఠం చెబుతుంది. పాఠ్యపుస్తకాలు పై తరగతి వాళ్లవి కింది తరగతికి దిగుతాయి. "టీచర్ల జీతం పెద్ద బడులకన్నా కొంచెం తక్కువే ఇస్తాను, దాచడం ఎందుకు. కానీ ప్రతినెలా ఒకటో తారీకునే ఇస్తాను. ఇంటికి మోసుకెళ్లే నోట్‌బుక్కులు కూడా తక్కువ కదా" అంది. ఎనిమిది మంది టీచర్లలో ఐదుగురు నాలుగేళ్ల పైనుంచీ ఉన్నారు. టైమ్‌టేబుల్ మీద అతుకులు ఉన్నాయేమో అని వెళ్తూ వెళ్తూ చూశాను. ఒక్కటుంది. ప్రసూతి సెలవట.

లెక్క కడితే మేమనుకున్న ఎనిమిదో వంతుకి కొంచెం పైన తేలింది. ప్రవేశ రుసుం దగ్గరే ఇబ్బంది. ఫీజు తగ్గించమని అడగడం నాకు చచ్చేంత సిగ్గు. మా ఆయన మాత్రం, "అడిగితే పోయేదేముంది, మహా అయితే లేదంటారు" అని నన్ను లోపలికి తోశారు. తగ్గించడం కుదరదు గానీ రెండు భాగాలుగా కట్టమంది. ఫీజు మొత్తం నెలనెలా కట్టడానికి కూడా ఒప్పుకుంది. ఈ వెసులుబాటు కాగితం మీద ఎక్కడా లేదు, అడిగినందుకు వచ్చింది. ఈసారి రసీదు ముందు, వెనక చదివి, మధ్యలో మానేస్తే ఏది తిరిగొస్తుందో, ఏది రాదో వాళ్లచేత రాయించుకుని మరీ సంతకం పెట్టాను.

అంతా బాగుందని చెబితే అబద్ధమవుతుంది. బస్సు లేదు కాబట్టి పొద్దున మా ఆయన, సాయంత్రం నేను. ఆయన ఆఫీసులో బతిమాలి అరగంట ఆలస్యంగా వెళ్లే ఏర్పాటు చేసుకున్నారు. వాన పడితే ఆటలు లేవు. సైన్స్ ల్యాబ్ అంటే ఒక అలమర. టీచర్ రాకపోతే బదులు ఎవరూ ఉండరు, ప్రిన్సిపాల్ రెండు క్లాసుల మధ్య తలుపు తెరిచిపెట్టి ఇటూ అటూ తిరుగుతుంది. ఇవి ముందే తెలిసినవి. తెలియనిది ఇంకోటుంది. 16 మంది పిల్లల్లో ఆడపిల్లలు ఆరుగురు. అందులో మా అమ్మాయికి కుదిరిన స్నేహితురాలు ఒక్కతే. రెండో నెలలో ఇద్దరికీ ఏదో రబ్బరు దగ్గర తగువొచ్చి మాటలు మానేశారు. 46 మందిలో అయితే ఇంకో జట్టులో కలిసిపోయేది. ఇక్కడ కలవడానికి ఇంకో జట్టే లేదు. తొమ్మిది రోజులు మధ్యాహ్నం ఒంటరిగా తిని వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ నేను తప్పు చేశానేమోనని నిద్రపోలేదు. పదో రోజు వాళ్లకి వాళ్లే కలిసిపోయారు, ఎలాగో ఇద్దరూ చెప్పరు.

లెక్కలు? చేరిన మూడో వారంలో టీచర్ నాకు కబురు పెట్టింది. తీసివేతల్లో అప్పు తెచ్చుకోవడం రావడం లేదు, రెండు వారాలు సాయంత్రం పావుగంట ఉంచుకుంటాను అని. మూడు వారాలు! పాత బడిలో ఏడాది పట్టినా ఎవరికీ తెలియని సంగతి. పుల్లల కట్టలు విప్పించి, పది పుల్లల కట్టని ఒక్కో పుల్లగా చేయించి నేర్పిందట. ఇప్పుడు 52లోంచి 27 తీస్తే 25 అంటుంది. కాకపోతే మా పిల్లకి ఈ బడి మీద ఒక గట్టి ఫిర్యాదుంది. "అక్కడైతే హోంవర్క్ చెయ్యకపోయినా ఎవరికీ తెలిసేది కాదమ్మా. ఇక్కడ పొద్దున్నే తెలిసిపోతుంది."

మొన్న వచ్చే ఏడాది ఫీజు కాగితం ఇంటికొచ్చింది. పెంపు మేమనుకున్నంతే. నా కన్ను మాత్రం సంఖ్య మీదే ఉంది. నాలుగో తరగతికి ఇప్పటికి 19 మంది పేర్లు నమోదయ్యాయట. చదువుతున్నప్పుడు తగిలిన ఒక పాత లెక్క గుర్తొచ్చింది. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడిస్ ఎప్పుడో రాసిపెట్టాడు. పాతిక మంది దాకా ఒక గురువు, ఆ పైన ఒక సహాయకుడు, 40 దాటితే ఇద్దరు గురువులు. ఆ నియమం ప్రకారం 40 మంది ఉంటే అంతా ఒకే గదిలో, 41వ వాడు వచ్చి చేరితే 20, 21 చొప్పున రెండు గదుల్లో. ఒక్క పిల్లవాడి తేడాతో గది సగమైపోతుంది. మా ప్రిన్సిపాల్‌ని అదే అడిగాను, 21వ పాప వస్తే ఏం చేస్తారని.

"వెయిటింగ్ లిస్టులో పెడతాను. రెండో సెక్షన్ పెట్టాలంటే ఇంకో ఎనిమిది మంది రావాలి, ఒక టీచర్ దొరకాలి, ఒక గది కావాలి. ఆ మూడూ లేకుండా పెట్టను" అంది. ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడగాలనిపించింది. అడిగాను. రాసిచ్చింది.